గోడ రుచి చూసినవాడు

వీధి వైపు గోడ నుంచి అరచేయంత పెచ్చు ఊడి ఎదురింటావిడ భుజమ్మీద పడింది. దెబ్బ తగల్లేదు. ఆమె నోటికి మాత్రం వారానికి సరిపడా పని దొరికింది. మూడోరోజున మున్సిపల్ ఆఫీసు నుంచి ఓవర్సీరు వచ్చి, గోడను కర్రతో పొడిచి, నా చేతిలో కాగితం పెట్టి పోయాడు. పదిహేను రోజుల్లో గోడ గట్టిదని చూపించాలి. లేకపోతే ముందుగది పడగొడతారు.

ముందుగదిలోనే నేను పడుకుంటాను. నా భార్య చివరి ఏడాదంతా మంచం దిగకుండా ఉన్నది ఆ గదిలోనే. సముద్రం కనపడదు కానీ హోరు వినిపిస్తుంది. అది చాలనేది.

ఆ గోడ కట్టింది నా బావమరిది. తాపీమేస్త్రీ. కట్టి ఇరవై రెండేళ్ళయింది. నాలుగేళ్ళు తిరక్కుండానే రంగు పొంగి రాలడం మొదలుపెట్టింది. సముద్రపు ఇసుక కలిపి కట్టావా అని పదిమందిలో నిలబెట్టి అడిగాను. "లేదు బావా" అన్నాడు. నేను నమ్మలేదు. అప్పటినుంచి మాటల్లేవు. వాడు నా గడప తొక్కకూడదన్నాను. మధ్యలో నా భార్య నలిగింది. ఆమె పోయినరోజు వాడు వీధిలో నిలబడి ఏడ్చి వెళ్ళాడు. నేను లోపలికి రమ్మనలేదు.

గోడ కుళ్ళిందని తేలితే పద్దెనిమిదేళ్ళుగా నేనన్నదే నిజం, కానీ గది పోతుంది. గట్టిదని తేలితే గది మిగులుతుంది, నా మాట పోతుంది. నాకు రెండూ కావాలి. రెండూ దొరకవని తెలుసు.

ముందు ఆ రాలే పెచ్చుల సంగతి చూడ్డానికి పెయింటర్ కోసం వెతికాను. మొదటివాడు గేటు దగ్గర నిలబడే, "రెండ్రోజుల్లో కొట్టేస్తానండీ, కొత్త ఇల్లనుకుంటారు" అన్నాడు. వచ్చిన దారినే పంపాను. రెండోవాడు ఇంటిని పొగిడాడు. నా ఇల్లు ఎలా ఉందో నాకు తెలుసు. వాణ్ణీ పంపాను.

ఎదురింటావిడే చెప్పింది. "నాలుక మేస్త్రీని పిలవండి అన్నయ్యగారూ. మాట కాస్త దురుసు. మీకు సరిగ్గా సరిపోతాడు."

అతను వచ్చీ రావడమే గ్లాసుడు నీళ్ళడిగాడు.

"తాగడానికా?"

"పుక్కిలించడానికి."

ఊడిపోతున్న పెచ్చునొకదాన్ని లాగి, దాని వెనకవైపు నాలుక ఆనించాడు. తుపుక్కున ఉమ్మాడు. "ఉప్పు" అన్నాడు. తర్వాత ఆ పెచ్చును పక్కకి తిప్పి అంచు చూశాడు. "ఎనిమిది పొరలున్నాయి. ఎవరు వేశారు?"

"నేనే. ఎవడికో ఎందుకివ్వాలి?"

"అంతా ఆయిల్ పెయింటేనా?"

"ఆఁ. దాన్ని దాటి ఉప్పుగాలి లోపలికి పోదు."

"వేసేముందు గోడ కడిగారా?"

"గోడను ఎవరైనా కడుగుతారా? నానిపోదూ?"

అతను నన్ను పైనుంచి కిందకి చూశాడు. "స్నానం చెయ్యకుండా చొక్కా మీద చొక్కా తొడుక్కున్నారండీ, ఎనిమిదిసార్లు. గాలి తెచ్చిన ఉప్పును లోపల పెట్టి మీరే తాళం వేశారు."

ఇంకొకడు ఆ మాటంటే ఊరుకునేవాణ్ణి కాదు. "గాలిది కాదయ్యా, ఇసుకలోనే ఉంది. కట్టినవాడు దొంగ" అన్నాను.

"దానికేం, చూద్దాం."

మేకూ సుత్తీ తీసుకుని కిటికీ పక్కన, చూరు కింద, నేలకు జానెడు పైన, మూడుచోట్ల పూతను దాటి లోపలిదాకా తొలిచాడు. ఒక్కో కన్నం నుంచి రాలిన పొడిని అరచేతిలో పట్టి రుచి చూశాడు. నోరు పుక్కిలించి ఇంకోదాని దగ్గరికి వెళ్ళాడు. నేను అతని మొహమే చూస్తున్నాను. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు.

ఈలోగా వీధి అవతల సైకిలు పట్టుకుని ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. తీరా చూస్తే నా బావమరిది. జుట్టంతా నెరిసింది. ఎదురింటావిడ కబురు పెట్టి ఉంటుంది.

"ఉప్పు లేదు" అన్నాడు మేస్త్రీ.

"సరిగ్గా చూశావా?"

"నా నాలుక మీద నమ్మకం లేకపోతే మీది పెట్టండి."

నా అరచేతిలో పొడి పోశాడు. నోట్లో వేసుకున్నాను. పళ్ళకింద ఇసుక కరకరమంది. ఉప్పు లేదు. కింది కన్నంలోది కూడా అడిగి తీసుకున్నాను. అదీ అంతే.

"ఏటి ఇసుకండీ ఇది. సిమెంటులో కూడా కక్కుర్తి పడలేదు. ఈ గోడకేం కాదు. రాలుతున్నవన్నీ మీరు వేసిన రంగులే."

అరుగు మీద కూలబడ్డాను. గది ఉంటుంది. ముందు ఆ ఒక్కటే తోచింది. కాగితం వచ్చిన దగ్గర్నుంచీ గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది, వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. నేను ఓడిపోయానన్న సంగతి ఆ తర్వాతగానీ గుర్తురాలేదు.

"ఏమంటోంది గోడ?" బావమరిది అక్కణ్ణుంచే కేకేశాడు. నన్ను కాదు, మేస్త్రీని.

"ఆయన్నే అడగండి. తిన్నది ఆయన."

క్షమించమని అడగడం నాకు రాదు. "ఉప్పు లేదురా" అన్నాను.

"అప్పుడే నాకి చూసుంటే పోయేది కదా బావా!"

"పోయేది. అక్కడ నిలబడి అరుస్తావేం? లోపలికి రా."

"ఆఫీసువాడు కూడా గట్టిదననీ. అప్పుడొస్తా." వాడికీ కోపం ఉంది. ఉండాలి.

మేస్త్రీ నాలుగు రోజులు గీకాడు. మంచినీళ్ళతో రెండుసార్లు కడిగాడు. ఎండకు వారం ఆరబెట్టాడు. బావమరిది రోజూ వచ్చేవాడు, గేటు దాటేవాడు కాదు. వీధిలోంచే, "ఆ మూల ఇంకా ఉంది చూడు" అని అతనికి పనులు చెప్పేవాడు. "మీ ఇంటివాళ్ళందరికీ నోరేనా?" అని మేస్త్రీ నన్నడిగాడు.

పద్నాలుగోరోజు ఓవర్సీరు వచ్చాడు. బట్టతలలాగున్న గోడను సుత్తితో పైనా కిందా కొట్టి చూశాడు. ఖంగుమంది. కాగితం మీద గోడకి ఢోకా లేదని రాసి, సంతకం పెట్టి వెళ్ళాడు. ఇక రంగు వేసుకోవచ్చు.

"ఈసారి గోడకి గాలాడే రంగు వేస్తా. మెరవదు మరి" అన్నాడు మేస్త్రీ.

"మెరవకపోతే పీడాపోయింది" అన్నాను.

బావమరిది చెప్పులు విడిచి ముందుగదిలోకి వచ్చాడు. మంచం దగ్గర నిలబడ్డాడు.

"అక్క తల ఎటు పెట్టుకునేది?"

"కిటికీ వైపు."

ఆమెకు ఈ గోడ సంగతి చెప్పే వీల్లేదు. ఆ తప్పు అలాగే ఉంటుంది. నన్ను నేను క్షమించుకునే ఉద్దేశం కూడా లేదు.

వాడు కళ్ళు తుడుచుకుని, లోపలి నుంచి గోడను పిడికిలితో గుద్దాడు. "ఇంకో నలభై ఏళ్ళకి ఢోకా లేదు బావా!"

"నలభయ్యా? నాకెందుకురా అన్ని?"

"నీకని ఎవడన్నాడు? గోడకి."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు.