ఒకే వరసలో అందరూ

మా వదిన ఆడవాళ్ళ ఆసుపత్రిలో నర్సు. రోగం ముదిరి, ఇంక డాక్టరు చేతిలో కూడా ఏమీ లేదనుకున్నాక వచ్చేవాళ్ళని చూసీ చూసీ ఆమెకి ఒళ్ళుమంట పుట్టింది. "చెప్పుకోడానికి సిగ్గుపడతారు గాని, చావడానికి ఒక్కత్తీ సిగ్గుపడదు" అనేది.

నాకేమో నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటరు. ఫోను లైను మీద నడిచేది. లోపలి గదిలో ఎవరైనా ఫోనెత్తితే లైను తెగి నలుగురు కస్టమర్లూ ఒకేసారి తలలు పట్టుకునేవాళ్ళు. ఈమెయిల్ అప్పుడప్పుడే జనానికి తెలుస్తోంది. ఒకరోజు వదిన డ్యూటీ దిగి వచ్చి నా పక్కన కూర్చుని, ఒక్క ఉత్తరం రాస్తే ఎంతమందికైనా వెళ్తుందా అని అడిగింది. వెళ్తుందన్నాను. ఎవరెవరికి వెళ్ళిందో మిగతావాళ్ళకి తెలుస్తుందా అంది. తెలియకుండా పంపొచ్చన్నాను. ఆ మాట పట్టుకుంది.

అలా మొదలైంది సోమవారం ఉత్తరం. ఆడవాళ్ళు ఎవరికీ చెప్పుకోలేని ఒంటి బాధలు రాస్తారు. వదిన పేర్లు లేకుండా ఆ ప్రశ్నలు వేసి, కింద జవాబు రాస్తుంది. ఆమె గీతల కాగితం మీద రాసిస్తే నేను టైపు చేసేవాణ్ణి. మొదటి వారం ఏడుగురు చదువరులు. అందులో ఒకటి మా అన్నయ్య అడ్రసు, ఒకటి నాది, ఇంకొకటి కూడా నాదే.

నేను ఊరంతా గోడలకి కాగితాలు అంటించాను. వదిన నవ్వింది. "గోడలు చదివేది పనిలేని మగాళ్ళయ్యా. ఆడది తీరిగ్గా ఎక్కడ నిలబడుతుందో కనుక్కో" అని తనే చీటీలు పట్టుకెళ్ళి, లేడీస్ టైలరు కొట్లో కొలత సరిచూసుకునే గదిలో అద్దం పక్కన పెట్టించింది. గడియ పెట్టుకుని మనిషి ఒంటరిగా ఉండే చోటు. మూడు నెలల్లో తొంభై మంది అయ్యారు. ఒక్కొక్కరికీ విడివిడిగా పంపమనేది. కవరు మీద ఒక్క పేరే ఉండాలనేది. అలాగే పంపేవాణ్ణి, విసుక్కుంటూ.

ఆ రోజుల్లోనే మిల్లు ఆఫీసు నుంచి ఒకామె రాసింది. అడ్రసులో మిల్లు పేరూ, స్టోర్సు అన్న మాటా తప్ప ఆమె పేరు లేదు. రొమ్ములో శనగగింజంత గడ్డ, నొప్పి లేదు, చుట్టూ మగవాళ్ళే, సెలవు అడిగితే ఎందుకో చెప్పాలి, ఏం చెయ్యను అని. నొప్పి లేదు కాబట్టే తొందరగా వెళ్ళాలని వదిన రాసింది. నాలుగు ఉత్తరాలు అటూ ఇటూ నడిచాక, వచ్చే గురువారం ఆసుపత్రికి వస్తాను, గేటు దగ్గర మీరు ఉండండి అని ఆమె ఒప్పుకుంది. పేరు లేకుండా తన ప్రశ్న వేసుకోమని కూడా తనే అంది. నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు కదా అని.

ఇక నా ఘనకార్యం. మా ఆవిడ తమ్ముడు న్యూస్‌పేపరు ఏజెంటు. అందరికీ పేపరు బావ. నన్ను దెప్పడం వాడికి పొద్దుటి కాఫీ లాంటిది. "నా పేపరు నాలుగు వేల గుమ్మాల్లో పడుతుంది బావా. మీ ఉత్తరం ఎక్కడ పడుతుందో మీ కంప్యూటరుకే తెలియాలి. కనపడని జనాన్నయితే నేను లక్షమందిని చూపిస్తా" అన్నాడు ఒకరోజు. అది లోపల గుచ్చుకుంది. ఖాళీ కొట్టుకి ఎవరూ రారు, జనం ఉన్న కొట్టుకే జనం వస్తారు అనుకున్నాను. నిండుగా కనపడాలని పేపరు బావనీ, వాడి స్నేహితులనీ కూడా కలిపాను. నూట నలభై మూడు. మిల్లు ఆమె ప్రశ్న వేసిన ఆ సోమవారమే అందరి అడ్రసులూ పైన ఒకే వరసలో, అందరికీ కనపడేలా పెట్టాను. కాలేజీ లెక్చరరుగారిదీ, డాక్టరుగారి భార్యదీ ముందు. ఒక్కసారి నొక్కితే పని అయిపోయింది. హాయిగా ఉంది.

మర్నాడు పేపరు బావ నవ్వుకుంటూ వచ్చాడు. "ఓడిపోయా బావా. పెద్ద పెద్దవాళ్ళే ఉన్నారు" అన్నాడు. టీ తెప్పించాను. సగం తాగి, తను తెచ్చిన కబురు చెప్పాడు. మిల్లు టైంకీపరు వాడి స్నేహితుడు, నేను కలిపినవాళ్ళలో ఒకడు. వరసలో మిల్లు స్టోర్సు అడ్రసు చూశాడట. అక్కడ ఉన్నది ఒకే ఒక్క ఆడమనిషట. ఆ ప్రశ్న ఎవరిదో తేలిపోయిందట. పొద్దుటి నుంచీ అక్కడ అదే గోలట.

నా టీ గ్లాసు చల్లారిపోయింది. మధ్యాహ్నం ఆమె నుంచి రెండు ముక్కలు వచ్చాయి. నా పేరు తీసేయండి. ఇక నాకు రాయకండి.

వదినకి అబద్ధం చెప్పాను, కంప్యూటరు పొరపాటని. తెరిచి చూపించమంది. తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క అడ్రసే చదివింది.

"పెద్దవాళ్ళంతా ముందున్నారే. పెద్దా చిన్నా కంప్యూటరుకి కూడా తెలుసా?"

సంచీ తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

గురువారం పన్నెండు దాకా ఆసుపత్రి గేటు దగ్గర నిలబడింది వదిన. సాయంత్రం మిల్లు దగ్గరికి వెళ్ళింది. ఆమెని పోల్చుకోవడం కష్టం కాలేదట, గుంపుకి పది అడుగుల ఎడంగా నడుస్తున్నది ఆమె ఒక్కతే. వదిన దగ్గరికి వెళ్ళి ఉత్తరం మాట ఎత్తగానే, వెనక మగవాళ్ళు నెమ్మదించారు. "మీరెవరో నాకు తెలియదండీ" అని ఆమె సాగిపోయింది.

"సరిగ్గానే అంది. నేనైనా అదే అనేదాన్ని" అంది వదిన, చెప్పులు విప్పుతూ.

ఆ వారం అరవై మంది పేర్లు తీయించుకున్నారు. మిగిలినవాళ్ళు ఉన్నారు గాని ఒక్క ప్రశ్నా రాలేదు. క్షమాపణ ఉత్తరం పంపుతానన్నాను. మళ్ళీ అందరికీ గుర్తు చేస్తావా అంది. టైలరు కొట్లో చీటీలు నేనే వెళ్ళి తీసేశాను.

ఎనిమిది నెలల తర్వాత, వదినకి అన్నం డబ్బా ఇవ్వడానికి వార్డుకి వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పింది, మిల్లు ఆమె వచ్చి నాలుగు రోజులైందని, ఏడో మంచమని. గడ్డ చంకలోకి పాకిందట. ఆ గురువారం వచ్చి ఉంటే అని నేను అడగలేదు, వదిన చెప్పలేదు. లోపలికి వెళ్ళి ఒక్క మాట చెప్పి వస్తానన్నాను.

"ఏమని?"

"తప్పు నాదని. క్షమించమని."

"తప్పు నీదని నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంక క్షమించమంటావు. నువ్వు అడిగితే ఆమె ఏదో ఒకటి అనాలి కదయ్యా. ఉన్న ఓపిక అంతా ఊపిరికే సరిపోవడం లేదు ఆమెకి. అందులో నీకు వాటా ఇవ్వమంటావా?"

డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను గుమ్మం ఇవతలే ఉండిపోయాను. ఆమె మొహం ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఏడు వారాలు రోజూ నేనే డబ్బా మోశాను. ఆమె ఎలా ఉందని ఒక్కరోజూ అడగలేకపోయాను. ఒకనాడు వదిన మూత తీయని డబ్బా తిరిగి నా చేతిలో పెట్టి, ఏడో మంచం దుప్పటి మార్చాలని లోపలికి వెళ్ళింది.