చేపల లెక్కలో ఒకరు ఎక్కువ

మా దీవి భూగోళం ఒక్క పేజీలో అయిపోయింది. మడుగు చుట్టూ పగడపు ఇసుక, ఈ చివర నుంచి ఆ చివరకు పావుగంట నడక. చరిత్రకు మాత్రం పదకొండు పేజీలు పట్టాయి. మనుషుల్ని ఎత్తుకుపోయిన ఓడలు, మూడు పెద్ద తుఫానులు, మొదటి బావి. బడిపిల్లల కోసం రాసిన ఈ పుస్తకం అచ్చుకోసం సమోవా పడవ ఎక్కేలోగా ఊరందరికీ చదివి వినిపించాలి.

"బావా, దీవిలో ఎత్తైన చోటు నాలుగు మీటర్లని రాశావే, అది నా చెత్తకుప్ప" అంది మరదలు లెపెకా. "ఊడ్చేస్తే దీవి పొట్టిదైపోతుందేమో!"

పటంలో ప్రతి ఇంటి మీదా ఇంటి పెద్దావిడ పేరు రాశాను. మాకు ఇల్లు ఆడవాళ్ళది. మగవాడు పెళ్ళితో వచ్చి చేరతాడు. నేనుండే ఇంటి చోటు మాత్రం ఖాళీగా వదిలేశాను. నా భార్య హులిత పోయి ఆరు నెలలు. ఇప్పుడా ఇల్లు ఆమె చెల్లెలు లెపెకాది. నేను ఉండవచ్చో, మా అక్క ఎలేని ఇంటికి వెళ్ళిపోవాలో ఆమె చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు. ఇంటి పక్కనే హులిత సమాధి. దాని మీద తెల్లటి పగడపు రాళ్ళు వారం వారం నేనే మారుస్తాను.

పొమ్మనిపించుకునే కంటే ముందే లేవడం మర్యాద అనిపించింది. ఈసారి చేపల పంపకంలో నన్ను మీ ఇంట్లో లెక్కవేసుకోమని అక్కకు చెప్పాను. లెపెకాకు చెప్పలేదు.

మధ్యాహ్నం పడవలు నిండుగా వచ్చాయి. మాలో పసిబిడ్డకైనా ముసలికైనా వంతు ఒకటే. ఇంటింటికీ ఎందరో అడిగి కుప్పలు పోయించిన ఐసాకా తల గోక్కున్నాడు.

"మాస్టారూ, మీ పుస్తకంలో మనం రెండు వందల పదకొండు మందిమి. ఇక్కడ రెండు వందల పన్నెండు వంతులు తేలాయి. ఈ పొద్దున ఎవరు పుట్టారండీ?"

అందరూ నవ్వారు. వెతికితే ఎక్కువైనది నేనే. రెండిళ్ళలోనూ ఉన్నాను.

"ఎప్పుడు పారిపోయావు బావా?" లెపెకా నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆ ముఖంలో నవ్వు లేదు.

"నీకు బరువెందుకని..."

"నీ గురక తప్ప నాకేం బరువు? మా అక్క సమాధి మీద రాళ్ళు ఎవరు మారుస్తారు? అసలే నాకు నడుంనొప్పి!"

"ఏ కుప్పలోంచి తియ్యమంటారు?" అన్నాడు ఐసాకా. ఒడ్డంతా నావైపే చూసింది. నేను నోరు విప్పేలోగా మా అక్క అందుకుంది.

"నా కుప్పలోంచే తీసెయ్ నాయనా. వీడు మా ఇంటికొస్తే పూటపూటా ఉప్పు తక్కువంటాడు. ముప్పై ఏళ్ళు హులిత ఎలా భరించిందో!"

అంటూనే తన కుప్పలో అన్నిటికంటే పెద్ద చేప చూసి మరీ ఐసాకా చేతికి తీసిచ్చింది.

సాయంత్రం పటంలో ఖాళీ చోట లెపెకా పేరు రాస్తుంటే ఆమె వచ్చి తొంగిచూసింది.

"ఇల్లు ఇంత బుల్లిగా గీశావేం బావా? ఏడుగురం ఉంటున్నాం. కాస్త పెద్దది చెయ్యి."

వేళ్ళు ముడిచి లెక్కపెట్టాను. నాతో కలిపితేనే ఏడు.