బండల కింది గొట్టం

ఆదివారం పొద్దున ఎస్తేరమ్మ పాత ఇనుప గరిటెలో గంధకం కరిగించి, నూలు వత్తులు ముంచి ఆరబెడుతోంది. వీధిలో ఆడవాళ్లు బైబిళ్లు చంకన పెట్టుకుని గుడికి పోతున్నారు. పదేళ్లుగా ఆమెకు ఆదివారం అంటే గంధకమే. మైపాడు దారిలోని ఐసు ఫ్యాక్టరీలో జనం ఉండనిది ఆ ఒక్క రోజే. ఐసు గడ్డకట్టించే అమోనియా గ్యాసు గొట్టాల్లో ఎక్కడ కారుతోందో ఆ రోజే చూడాలి.

చూడవలసినవాడు ఆమె మొగుడు సమాధానం. అంతటి ఫిట్టరు జిల్లాలోనే లేడని ఓనరు రంగనాయకులు నాయుడు పదిమందిలో చెప్పుకుంటాడు. ఆ మొనగాడి ముక్కు గ్యాసు పీల్చి పీల్చి ఎప్పుడో చచ్చింది. వత్తి ఎక్కడ పట్టాలో చెప్పేది ఆమె ముక్కే.

"ముక్కు నీదైతే ఏందే, చెయ్యి నాదేగదా. ఎవరికన్నా చెప్పినావో, మన గంజిలో మట్టే" అన్నాడు మొదటిరోజే. "మొగుడి పని మొయ్యని పెళ్లాం యాడుందిలే" అంది అత్త.

ఇప్పుడా ముక్కు ఆమె మాట వినడం మానేసింది. తన పసిదాని తలలో, అన్నం కుండలో, పక్కింటామె పూలలో అదే ఘాటు. అది లోకంలో ఉందో తనలో ఉందో తెలియక వత్తి వెలిగించుకుని ఇల్లంతా తిరుగుతుంది. గ్యాసు తగిలితే నీలిమంట దగ్గర తెల్లపొగ పుడుతుంది, లేకుంటే పుట్టదు. ఆ ఇంట్లో అబద్ధమాడనిది అదొక్కటే.

ఆ ఆదివారం గొట్టాలన్నీ తిరిగినా పొగ రాలేదు. ఘాటు మాత్రం ఆమెను ఐసు కొట్టే ఆడవాళ్ల పాక వైపు లాక్కుపోయింది. పాకలో ఎవరూ లేరు. వత్తి నేలకు వంచింది. రెండు బండల సందు మీద తెల్లపొగ పుట్టి, కింద ఎవరో పడుకుని ఊపిరి వదులుతున్నట్టు సందు పొడవునా పాకింది. సమాధుల పండుగనాడు కొవ్వొత్తి ఆరితే మట్టి మీద లేచే పొగ అలాగే ఉంటుంది.

వెనకే వచ్చిన సమాధానం బండ ఎత్తాడు. ఏళ్లతరబడి దిగిన ఉప్పునీళ్లు గొట్టాన్ని తినేశాయి. ఉలితో గీకితే తుప్పు పెచ్చులుగా ఊడింది.

"గ్యాసు తీసి, ఈ ముక్క కోసి, కొత్తది అతకాల" అంది ఆమె.

"వారం పడతాది. రేపు ఐసుకు పడవలొస్తాయి, అయ్య ఒప్పుకోడు." రబ్బరు చుట్టి, పట్టీ బిగించి, పైన తారు పూశాడు.

"మోటారు వేస్తే గ్యాసు ఒత్తిడికి ఇది ఆగదు."

"పైన కూచునేది నువ్వు కాదుగదే" అని బండ మూశాడు.

సోమవారం ఆమె వెళ్లేసరికి పదకొండుమంది ఆడవాళ్లు ఆ బండల మీదే చద్దన్నం తింటున్నారు.

"రా అక్కా, ఎండుచేప ఉండాది" అంది వెంకటశేషమ్మ.

"లేవండి. ఈడ కూచోబాకండి."

"ఏం, ఫ్యాక్టరీ మీ ఆయన పేర రాసిచ్చినారా?" అందరూ నవ్వారు.

మోటారు వెయ్యబోతున్న నాయుడు ఆగాడు. "ఏంది గోల?"

"ఈడ గ్యాసు కారతా ఉండాదయ్యా."

నాయుడు సమాధానం వైపు తిరిగాడు. "ఏమయ్యా?"

"ఆడదానికేం తెలుసయ్యా. నిన్న నేను వాసన చూసినా. ఏం లేదు."

నాయుడి చెయ్యి మళ్లీ స్విచ్చి మీదికి పోయింది. సమాధానం ఆమెనే చూస్తున్నాడు, కళ్లతో బతిమాలుతూ. కాపురానికొచ్చాక ఆయన ఆమెను బతిమాలడం అదే మొదలు. ఈ మాట అంటే రేపటి నుంచి పొయ్యి వెలగదు. ఆమెకు తెలుసు.

"ఆయనకు వాసన తెలీదయ్యా" అంది. "పదేళ్లయింది. చూసేది నేను."

పాకలో ఎవరూ కదల్లేదు. నాయుడు చెయ్యి తియ్యలేదు, నొక్కనూ లేదు. అటు ఫిట్టరునూ ఇటు ఫిట్టరు పెళ్లాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

వెంకటశేషమ్మ గిన్నె తీసుకుని లేచింది.