తీగ తెగిన ఇన్నింగ్స్

పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్ళలేదు. గస్ హ్రాబక్ ఆశంతా ఆ ఒక్క మాట మీదే ఉంది.

మొనాటా బేస్‌బాల్ మైదానాన్ని ఆ చలికాలంలో పడగొడుతున్నారు. ఉక్కు మిల్లు మూతబడ్డాక ఊళ్ళో పడగొట్టడానికి మిగిలింది అదొక్కటే. పడగొట్టేముందు జనం ఏడవడానికి ఒక పుస్తకం కావాలి కదా! ఊరి పత్రికలో ఆటల వార్తలు రాసే డెనిస్ ఫ్యారల్ రాసిపెట్టాడు. చెక్క గ్యాలరీలు, హాట్‌డాగుల వాసన, రేడియోలో మెర్ల్ టాలీ గొంతు, అన్నీ ఉన్నాయి అందులో. గస్ కూడా ఉన్నాడు. అతని అధ్యాయం పేరు 'గుడ్డి అంపైర్'.

ఆ కాగితాలు వంటింటి బల్లమీద పడేశాడు గస్.

"ఇది జరగలేదయ్యా."

"ఊరు ఊరంతా విన్నది జరగకపోవడమేంటి గస్ గారూ?" అన్నాడు ఫ్యారల్, కాఫీ తాగుతూ.

"విన్నారు. చూసిందెవడు?"

మొనాటాలో ఎవడూ చూడలేదు. అదీ అసలు సంగతి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో జట్టు పొరుగూరికి ఆడబోతే, వెంట వ్యాఖ్యాతను పంపేవాళ్ళు కాదు. మెర్ల్ మొనాటాలోనే రేడియో గదిలో కూర్చునేవాడు. టెలిగ్రాఫ్ తీగ మీద పొడిపొడి మాటలు వచ్చేవి. గుమాస్తా చీటీ అందిస్తే మెర్ల్ దానికి కండ పట్టించేవాడు. బ్యాటు చప్పుడుకు చెక్కముక్క మీద పెన్సిల్ కొట్టేవాడు. జనం హోరుకు గ్రామఫోను రికార్డు. ఇది ఊరందరికీ తెలుసు. రేడియో పెట్టగానే అందరూ మర్చిపోయేవాళ్ళు.

ఆ సాయంత్రం ఆఖరి ఇన్నింగ్స్‌లో తీగ చచ్చిపోయింది. మొనాటా ఒక్క పరుగు వెనకబడి ఉంది. తీగ పోతే ఏం చెయ్యాలో ఆ వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది: బంతుల్ని గీత బయటికి కొట్టించడమే. గీత బయట పడ్డ బంతికి లెక్క మారదు, ఎన్నైనా కొట్టించొచ్చు. మెర్ల్ కొట్టించాడు, కొట్టించాడు, చివరికి వాడికే విసుగు పుట్టింది. బంతిని దూరంగా పచ్చికలోకి పంపేసి, రెండో బేస్ మీదున్న రన్నర్‌ని, పరుగు పూర్తయ్యే హోమ్ బేస్‌కి పరిగెత్తించాడు. సరిగ్గా అప్పుడే తీగ బతికింది. 'తేలిక క్యాచ్, ఆట ముగిసింది, మొనాటా ఓటమి' అంది చీటీ.

రన్నర్ అప్పటికే సగం దారిలో ఉన్నాడు. వాణ్ణి వెనక్కి పిలవడం కుదరదు. ఎవడో ఒకడు చంపాలి. మెర్ల్ ఆ కత్తి, ఆ ఆటకు అంపైరుగా ఉన్న గస్ చేతికిచ్చాడు. "గజం తేడాతో సేఫ్! గజం తేడాతో! కానీ అంపైర్ హ్రాబక్ ఔటంటున్నాడు!"

ఆటగాళ్ళకు నిజం తెలుసు. నోరెత్తలేదు. ఓడిన జట్టు కంటే దోపిడీకి గురైన జట్టుగా ఉండటమే వాళ్ళకు బాగుంది. లీగ్ పెద్దలకు తెలుసు. 'రేడియో వల్లే జనం వస్తున్నారు, నోరు మూసుకో' అన్నారు. తర్వాతి వారం గస్ మొనాటాలో అంపైరింగ్‌కి దిగితే గ్యాలరీ నుంచి సీసా వచ్చింది. కుడికన్ను పోయింది. ఒంటికన్ను అంపైర్‌ని ఎవడుంచుకుంటాడు? మిల్లులో కొలిమి దగ్గర చేరాడు. అక్కడా అదే పిలుపు: "ఒరేయ్ గుడ్డీ, ఇనుము కనబడుతోందా?"

ఐరీన్‌ని పెళ్ళాడిన రోజు కూడా ఎవడో వెనక బెంచీలోంచి "ఔట్!" అని అరిచాడు. ఐరీన్ నవ్వేసింది. ఇప్పుడామె లేదు. బతికున్నంతకాలం ఒకే మాటనేది: "ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు సరిగ్గా రాస్తాడులే."

ఫ్యారల్ లేచాడు. "మెర్ల్ నోటితో అనిపించండి. అధ్యాయం పీకేస్తాను."

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ వృద్ధాశ్రమానికి వెళ్ళారు. మెర్ల్ కూతురు పెగ్గీ తండ్రి గడ్డం తుడుస్తోంది. "మనుషుల్ని గుర్తుపట్టడం లేదంకుల్. నిన్న నన్నే ఎవరమ్మా నువ్వన్నాడు. కానీ ఆటలడగండి, గడగడా చెప్తాడు."

ఫ్యారల్ టేపు రికార్డరు బల్లమీద పెట్టి మీట నొక్కాడు. గస్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"మెర్ల్, ఆ ఆఖరి ఇన్నింగ్స్ చెప్పు. గజం తేడాతో సేఫ్."

ముసలాడి కళ్ళు వెలిగాయి. చెంచా తీసి బల్లమీద టక్కుమని కొట్టాడు. గీత బయట. టక్. మళ్ళీ బయట. టీవీ చూస్తున్న ముసలాళ్ళు ఇటు తిరిగారు. చెంచా గాల్లో ఆగిపోయింది.

"తీగ పోయిందిరా," అన్నాడు మెర్ల్, గొంతు తగ్గించి.

గస్ వెనక్కి తిరిగాడు. "విన్నావా ఫ్యారల్?"

మెర్ల్ గస్ చొక్కా పట్టుకుని లాగాడు. గుమాస్తా అనుకున్నాడు కాబోలు. "గుడ్లప్పగించి చూస్తావేంట్రా, చీటీ ఏదీ? ఏం జరిగింది అక్కడ? జనం కాచుకునున్నారు."

ఇన్నేళ్ళలో ఏం జరిగిందని గస్‌ని అడిగినవాడు ఇతనొక్కడే.

"తేలిక క్యాచ్, మెర్ల్. రెండో బేస్ దగ్గరవాడు పట్టేశాడు. ఆట ఐపోయింది. అంపైర్ టోపీ తీసుకుని ఇంటికెళ్ళాడు. అంతే."

మెర్ల్ అసహ్యంగా చూశాడు. "ఇంతేనా? ఇది చెబితే పొద్దున్నే కొలిమి దగ్గరికెళ్ళేవాడికి ఏం మిగుల్తుందిరా?"

టక్! బంతి పచ్చికలోకి వెళ్ళింది. రన్నర్ మూడో బేస్ దాటాడు, దుమ్ము లేచింది, ఆ వణికే గొంతులోంచి మైదానం మొత్తం లేచి నిలబడింది. "గజం తేడాతో సేఫ్! కానీ హ్రాబక్ ఔటంటున్నాడు!" చక్రాల కుర్చీలో ఒకడు పిడికిలెత్తాడు: "తన్నండ్రా ఆ గుడ్డివెధవని!" ఒక ముసలావిడ కళ్ళొత్తుకుంది. పెగ్గీ చప్పట్లు కొట్టి, గస్ మొహం చూసి చేతులు దించేసుకుంది.

ఇద్దరూ బయటికొచ్చి కారెక్కారు.

"తీగ పోయిందన్నాడు. నీ టేపులో ఉంది," అన్నాడు గస్.

"ఉంది. కానీ మతి తప్పిన మనిషి కదా గస్ గారూ. ఆ మాట పట్టుకుని ఎలా మార్చను? ఐనా ఆ గదిలో వాళ్ళ మొహాలు చూశారుగా. ఈ ఊరికి ఇంకేం మిగిలింది?"

"అబద్ధం చెప్పినప్పుడు వాడికి మతుంది. నిజం చెప్పినప్పుడు లేదు. అంతేనా?"

ఫ్యారల్ గేరు మార్చాడు. కారు నదిమీద వంతెన దిగి మిల్లు గోడ వెంబడి పోయింది. మైదానం కుడివైపు వచ్చింది. ఇనుప గుండు ఊగుతోంది, చెక్కలు విరుగుతున్న చప్పుడు. ఫ్యారల్ కారు నెమ్మది చేశాడు, చూడమన్నట్టు.

గస్‌కి ఆ వైపు కన్ను లేదు. తల తిప్పలేదు.