చిటికెన వేలి చోటు

వంటగది నేల సగం తుడిచి ఆమె మాప్ కర్రని తలకిందులు చేసి పట్టుకుంది. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. కర్ర అరచేతిలో కాదు, వేళ్ళ మొదళ్ళలో ఆనాలి. కుడిచేతి చిటికెన వేలు ఎడమ చూపుడువేలి మీదికెక్కాలి. కాఫీ కోసం వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేల తుడుస్తావనుకుంటే కర్రకి దణ్ణం పెడుతున్నావేంటి?"

"ఈ వయసులో ఆటలేంట్రా దానికి? మోకాళ్ళు నొప్పులని మొన్నేగా ఏడ్చింది" అని హాల్లోంచి అత్తగారు అందుకున్నారు. ఆ మోకాళ్ళు ఎందుకు నొప్పెడుతున్నాయో మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు.

ఆట మీద మోజు ఆమెకి ఏ కోశానా లేదు. ఆఫీసులో పదకొండేళ్ళుగా వంతెనల డిజైన్లన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్తున్నాయి. అయినా కిందటేడు విభాగానికి పెద్దని వేసినప్పుడు, ఆమె దగ్గర పని నేర్చుకున్న జూనియరే ఆ కుర్చీలో కూర్చున్నాడు. "శనివారం గోల్ఫ్ ఆడుతుంటే మాటల్లో వచ్చిందమ్మా, అక్కడే తేలిపోయింది. నువ్వక్కడ లేవు మరి" అన్నాడు డైరెక్టరు, లేకపోవడం ఆమె తప్పయినట్టు. ఒళ్ళు మండిపోయింది. ఆ శనివారం ఆమె ఇంటిల్లిపాది దుప్పట్లూ ఉతికి, అత్తగారిని కళ్ళడాక్టరు దగ్గర కూర్చోబెట్టి, బయట రెండు గంటలు నిలబడింది. ఇప్పుడు కొత్త బ్రాంచికి చీఫ్ ఇంజనీరు కావాలి. అదీ ఆ గోల్ఫ్ గడ్డిలోనే తేలేట్టయితే ఆ గడ్డిలోకే వెళ్తానని పంతం పట్టింది.

రెండు నెలలు మధ్యాహ్నం తిండి మానుకుని గోల్ఫ్ కోచ్ దగ్గరికి వెళ్ళింది. కోచ్ ఒక పెద్దావిడ. మొదటిరోజే ఆమె పిడికిళ్ళు చూసి నవ్వింది. "బకెట్టు మోస్తున్నట్టు పట్టుకున్నావు. అంత బిగిస్తేనే పనవుతుందని ఎవరు చెప్పారు తల్లీ?" ఎవరు చెప్పలేదు గనక! వేళ్ళకి పొక్కులు లేచి, చితికి, గట్టిపడ్డాయి. చివరికి పెద్దావిడ ఆమె చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంక ఇందులో దిద్దడానికేం లేదు" అంది.

వచ్చే శనివారం ఆటకి తనూ వస్తానని అడిగితే, "రామ్మా, సరదాగా ఉంటుంది" అన్నాడు డైరెక్టరు.

శనివారం మైదానంలో ముందు జూనియర్ కొట్టాడు. గోల్ఫ్ కర్రని గొడ్డలి పట్టినట్టు పట్టాడు. బంతి వెళ్ళి ఇసుక గుంటలో పడింది. "పర్లేదోయ్, గాలి అడ్డొచ్చింది" అన్నాడు డైరెక్టరు. అక్కడ ఆకు కూడా కదలడం లేదు.

ఆమె బంతి ముందు నిలబడి, వేళ్ళు ఒక్కొక్కటే అమర్చుకుంది. కర్ర ఎత్తకముందే డైరెక్టరు వెనకనుంచి వచ్చి, ఒంటికి ఆనుకుని, రెండు చేతులూ చుట్టూ వేసి ఆమె మణికట్లు పట్టుకున్నాడు.

"అలా కాదమ్మా, ఆడవాళ్ళకి పట్టు కుదరదు. నేను చూపిస్తానుండు."

మెడ మీద అతని ఊపిరి తగిలింది. సరైన చోట ఉన్న చిటికెన వేలిని పెరికి ఇంకోచోట పెట్టాడు. ఒక్క నిమిషం ఓర్చుకుంటే ఉద్యోగం. నోరెత్తితే అది ఈ గడ్డిలోనే పోతుంది. పదకొండేళ్ళూ ఇలాంటి ఒక్క నిమిషాలతోనే గడిచాయని గుర్తొచ్చి ఆమెకి తనమీదే కోపం వచ్చింది.

కర్ర వదిలేసింది. మణికట్లు విదిలించుకుని, పక్కకి జరిగి, జూనియర్ వైపు చెయ్యి చూపించింది.

"ముందు ఆయన పట్టు దిద్దండి సార్. అచ్చం ఇలాగే, వెనక నిలబడి."

జూనియర్ గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు.