సోంబరు తాత ఊ కొట్టిన సభ

సోంబరు తాత పోయిన రోజే గ్రామసభ తీర్మానం నకలు ఊరికి వచ్చింది. ఆయన్ని సాగనంపి వచ్చాక టీచరు రమణి దాన్ని బడి అరుగు మీద కూర్చుని చదివింది. ‘గ్రామ పెద్ద సోంబరు ప్రతి అంశానికీ అంగీకారం తెలిపారు’ అని ఉంది. 

వానలకు ముందు జరిగిన ఆ సభకు కరెంటు ప్రాజెక్టు అధికారి వరహాలరావు వచ్చాడు. మర్యాదస్థుడు, ఓపిగ్గా చెప్పాడు.

“పగలు ఎండతో వచ్చే కరెంటుతో నీళ్లు కొండమీదికి తోడతాం. సాయంత్రం కిందికి వదిలి మళ్లీ కరెంటు తీస్తాం.”

“ఊఁ” అన్నాడు తాత.

“ఎక్కించడం, దించడం! పని లేనోడి పనిలాగుంది మామా” అంది తాత కోడలు చిన్నమ్మి. అందరూ నవ్వారు. వరహాలరావూ నవ్వాడు.

“బొగ్గు కాల్చడం తగ్గకపోతే ఎండలు ముదురుతాయమ్మా. ముందు పోయేది మీ కాఫీ తోటలే.”

“ఊఁ.”

“ఆ నీళ్లు నిలిపే పై చెరువు మీరు నీళ్లు తెచ్చుకునే ఊట పక్కనే వస్తుంది.”

“ఊఁ.”

హాజరుకని అందరి చేతా వేలిముద్రలు వేయించుకుని, ఇంకో ఊరి సభ ఉందంటూ ఆయన జీపెక్కేశాడు. తాత లేచి నిలబడ్డాడు.

“అదేటి, అంత బేగి ఎల్లిపోనాడు? మా ఊట ఏటవుద్దో నానింకా అడగనేదు.”

“మధ్యలోనే అడగాల్సింది తాతా.”

“కత సెప్తన్నోడికి అడ్డు తగుల్తారేటి టీచరమ్మా? ఊ కొట్టాల. అయినాక అడగాల.”

మళ్లీ వస్తారులే అంది రమణి. ఎవరూ రాలేదు. వానల్లో వచ్చిన జ్వరానికి తాత లేవలేదు.

ఆ నకలు పట్టుకుని రమణి పాడేరులోని ప్రాజెక్టు ఆఫీసుకు వెళ్లింది. వరహాలరావు కుర్చీ చూపించాడు.

“ఆ ‘ఊఁ’ వింటున్నాననడానికేనండీ, సరేననడానికి కాదు.”

“నేను ఒప్పుకున్నారనే అనుకున్నాను టీచర్” అన్నాడాయన నెమ్మదిగా. “వేసవికల్లా పని మొదలుపెట్టాలని పైనుంచి ఒత్తిడి. ఇది ఆగితే మళ్లీ బొగ్గే.”

అదీ నిజమే. నిరుడు కాఫీ పూత మాడిపోవడం ఆమె కళ్లారా చూసింది.

“ఆపమని రాలేదండీ. ఊట సంగతి తేల్చి, అప్పుడు అడగండి మమ్మల్ని.”

“మళ్లీ సభ పెట్టమని ఊరంతా రాసివ్వండి. పైకి పంపుతాను.”

రమణి ఒక్క పేజీలో అర్జీ రాసి ఇల్లిల్లూ తిరిగింది. హాజరు ముద్రలే ఒప్పుదలగా మారాయని ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. “ఇంకే కాయితం మీదా ఏలెట్టం” అని కొందరు తలుపులు వేసుకున్నారు.

ముప్పై రెండు ఇళ్లలో పదకొండు ఇళ్లవాళ్లు ఇంకా ముద్ర వేయలేదు. అర్జీ పాడేరు వెళ్లలేదు.