ఏది కొన్నా దానిమీదే చేస్తుంది

"దాన్ని అడిగేదేముంది బావా? ఏది కొన్నా దానిమీదే చేస్తుంది."

ముందుగదిలోంచి జయపాల్ అన్న మాట వంటింట్లోకి వినపడేసరికి కృపారాణి చేతిలోని చిల్లుల గరిటె నూనెలోనే ఆగిపోయింది. అల్లుడుగారొచ్చారు, అరటికాయ బజ్జీలు వెయ్యమని అత్తగారు సంపూర్ణమ్మ చెబితే వేస్తోంది. భర్త మాటలో కోపం లేదు, వెటకారమూ లేదు. అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. కొత్త కంప్యూటరు సంగతి గ్యాసు పొయ్యి గురించి మాట్లాడుతున్నట్టు, ఏ పొయ్యి తెస్తేనేం, కూర ఉడుకుతుంది కదా అన్నంత మామూలుగా అన్నాడు.

కొవ్వూరులో జయపాల్ డిజిటల్స్ అంటే పెళ్ళిళ్ళ రోజుల్లో ఊపిరాడనంత పని. ఫొటోలూ వీడియోలూ తీసేది జయపాల్. తీసినదాన్ని నలుగురూ చూసేలా చేసేది కృపారాణి. పెళ్ళికి ముందు కడియంలో డీటీపీ సెంటర్లో పనిచేసింది కాబట్టి కంప్యూటరు ఆమెకి కొత్త కాదు. కాపురానికొచ్చిన కొత్తలో స్టూడియోలో జీతానికి ఒక ఎడిటర్ ఉండేవాడు. అతను హైదరాబాదు వెళ్ళిపోతే, "ఇంకోడు దొరికేదాకా కాస్త చూడు" అన్నాడు జయపాల్. ఇంకోణ్ణి ఎవరూ వెతకలేదు. ఆ జీతం ఎవరికి మిగిలిందో ఎవరూ అడగలేదు. కంప్యూటరు స్టూడియోలోంచి ఇంటికొచ్చి వంటింటికీ బాత్‌రూమ్‌కీ మధ్య ఉన్న ఇరుకు వసారాలో, ఫ్రిజ్ పక్కన కూర్చుంది. దాని ముందు ఈమె కూర్చుంది. "ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా" అని సంపూర్ణమ్మ చర్చిలో అందరికీ చెప్పేది.

ఖాళీ! పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి, తలంబ్రాల దగ్గర కెమెరాకి అడ్డమొచ్చిన పెద్దమనిషి వీపు కత్తిరించేది. బట్టలు ఆరేసి వచ్చి, సాయంత్రపు వెలుతురులో నల్లబడిపోయిన పెళ్ళికూతురి మొహానికి మళ్ళీ రంగు తెచ్చేది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే కెమెరా మైకు పట్టుకొచ్చిన మాటలన్నీ వినపడేవి. "తల దించుకోవే, అలా నవ్వుతావేంటి?", "ఆడపిల్లకి అంత ఆకలేంటమ్మా?", "అబ్బాయి పక్కన ఇంకాస్త తెల్లగా ఉంటే బాగుండేది." పెళ్ళి ఏ మతంవాళ్ళదైనా ఆ మాటలు మాత్రం మారేవి కావు. వాటన్నిటినీ నొక్కేసి పైన సన్నాయో, క్వయర్ పాటో పెట్టేది కృపారాణే. అందరూ చూసి "ఎంత బాగా తీశావు జయపాల్" అనేవారు. తీశావు అనే అనేవారు. అతనూ నవ్వి ఊరుకునేవాడు.

ఆ పాత కంప్యూటరు ఇప్పుడు మొరాయించింది. కెమెరాలు మారాయి, ఫైళ్ళు బరువెక్కాయి. ప్లే నొక్కితే పెళ్ళికొడుకు తాళి పట్టుకుని అలాగే బిగుసుకుపోతున్నాడు. కొత్తది కొనక తప్పదు. దానికోసం కృపారాణి ఉన్న డ్వాక్రా సంఘంలోనే అప్పు తీసుకున్నారు. సంఘం లీడరు సుబ్బాయమ్మ ముందు సంతకాలు పెట్టింది కృపారాణి, డబ్బు పడింది ఆమె ఖాతాలో. ఏటీఎం కార్డు మాత్రం ఎప్పటిలాగే జయపాల్ పర్సులో ఉంది.

ఉన్న డబ్బుకి ఏది సరిపోతుందో ఆమె చాలా రోజులుగా ఆలోచిస్తోంది. కూరలు తరుగుతూ వీడియోలు చూసింది. ఎడిటింగ్ చేసేవాళ్ళ గ్రూపులో భర్త పేరుతో ఉన్న అకౌంట్ నుంచి ప్రశ్నలు అడిగింది. "మంచి ప్రశ్న అడిగారు జయపాల్ సార్" అని జవాబులొచ్చేవి. ఆ సార్‌కి వచ్చిన మెప్పు చూసి మొదట నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. చివరికి ఒక నిర్ణయానికొచ్చింది. ఆల్బమ్ డిజైన్లు, టైటిళ్ళు, తను అలవాటుపడ్డ సాఫ్ట్‌వేరు అన్నీ విండోస్‌వి. అందుకని విడిభాగాలు కొని బిగించే డెస్క్‌టాప్ చాలు. వీడియోకి తగ్గ గ్రాఫిక్స్ కార్డు, మెమరీ తర్వాత పెంచుకునే వీలు, లోపలే పెద్ద హార్డ్‌డిస్కు, రంగులు నిజంగా చూపించే పెద్ద తెర, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్. ఇప్పుడున్న చిన్న తెరలోకి ముందుకి వంగీ వంగీ మెడ నరం పట్టేసి, తల దువ్వుకోవాలన్నా చెయ్యి లేవని రోజులున్నాయి.

ఇంకొక కారణం ఎవరికీ చెప్పలేదు. తల్లి అప్పాయమ్మ కడియం నర్సరీల్లో మొక్కలకి అంట్లు కట్టే పనికి వెళుతుంది. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా తల్లి చేతుల్ని, ఆమెతో పాటు పనిచేసే ఆడవాళ్ళ చేతుల్ని, వాళ్ళ మాటల్ని కృపారాణి ఫోన్లో తీసి దాచుకుంది. వాటిని కలిపి ఒక చిన్న సినిమా చెయ్యాలని ఆశ. ఒకసారి చూపిస్తే జయపాల్, "మీ అమ్మ కొమ్మలు కట్టడం ఎవడు చూస్తాడే?" అన్నాడు.

ముందుగదిలో ఇప్పుడు మాట్లాడుతున్నది ఆడపడుచు పావని భర్త ప్రేమ్ కుమార్. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. ఛార్జరు ఉన్న ప్రతి వస్తువు మీదా ఈ ఇంట్లో ఆయన మాటే చెల్లుతుంది. "మ్యాక్ ల్యాప్‌టాప్ తీసుకో జయపాల్. పార్టీ ఇంటికెళ్ళి టేబుల్ మీద పెట్టావనుకో, రేటు అడగడానికే భయపడతారు" అంటున్నాడు.

కృపారాణి బజ్జీల పళ్ళెం తెచ్చి పెట్టింది. "అన్నయ్యా, అది మంచిదే. కానీ మనకున్న డబ్బుకి వచ్చేదాంట్లో ఫైళ్ళకి జాగా తక్కువ. తెర చిన్నది. విడిగా డిస్కులు కొనాలి. నేను వాడేవి కొన్ని దాంట్లో పనిచెయ్యవు..."

"అలవాటైపోతుంది చెల్లెమ్మా" అన్నాడు ప్రేమ్ కుమార్, బజ్జీ తుంచుతూ. "పచ్చడేమైనా ఉందా?"

ఆమె పచ్చడి తేవడానికి వెళ్ళింది. వచ్చేసరికి మాట ముగిసిపోయింది.

మర్నాడు ప్రేమ్ కుమార్ కారులో ముగ్గురూ వంతెన దాటి రాజమండ్రి వెళ్ళారు. తనని ఎందుకు తీసుకెళుతున్నారో కృపారాణికి తెలుసు. బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరు ఆమెది, ఓటీపీ వస్తే దానికే వస్తుంది.

షాపు యజమాని నాగేశ్వరప్రసాద్ గారు మర్యాదస్తుడు. మగవాళ్ళిద్దరికీ కుర్చీలు కౌంటరు ముందు వేయించాడు, ఆమెకి ఫ్యాను కింద వేయించాడు. "మేడమ్‌గారికి కూల్‌డ్రింక్ ఇవ్వమ్మా" అని షాపులో పనిచేసే సాయిప్రసన్నకి చెప్పాడు. తర్వాత జయపాల్ వైపు తిరిగి, "ఏ పనికి వాడతారండి?" అనడిగాడు.

"వీడియో ఎడిటింగ్ అండి. రోజంతా పనే" అన్నాడు జయపాల్.

ఫ్యాను కింద కూర్చున్న కృపారాణికి ఒళ్ళు మండిపోయింది. రోజంతా ఎవరికి పని? ఏ రోజైనా ఒక క్లిప్పు కత్తిరించాడా? అబద్ధం చెబుతున్నానన్న తడబాటైనా లేదు మనిషికి. ఇన్నేళ్ళలో ఆమె చేసిన పని అతని ఒంట్లో కలిసిపోయి, తనదేనని అతనే నమ్మేస్తున్నాడు. ఆమె కూల్‌డ్రింకు ముట్టుకోకుండా లేచి, అటుపక్క పెద్ద తెరతో పెట్టి ఉన్న డెస్క్‌టాప్ దగ్గరికి వెళ్ళింది.

"దీంట్లో ఒక వీడియో వేసి చూడొచ్చామ్మా?" అని సాయిప్రసన్ననడిగింది. ఆ అమ్మాయి తలూపింది. కృపారాణి బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి పెట్టింది.

తెర మీద తల్లి చేతులు వచ్చాయి. మట్టి ఇంకిపోయిన గోళ్ళు, బొటనవేలి మీద కత్తి గాటు, లేత కొమ్మని వేరే కొమ్మకి ఆనించి పట్టుకున్న తీరు. పాత కంప్యూటర్లో ముక్కలుముక్కలుగా వచ్చే బొమ్మ ఇక్కడ ఎక్కడా ఆగలేదు. ఆకుపచ్చలో ఎన్ని ఆకుపచ్చలున్నాయో ఆమెకి మొదటిసారి కనపడింది. పని చేసుకుంటూ తల్లి ఎవరితోనో అంటున్న మాట స్పీకర్లోంచి వచ్చింది. "మొక్క నేను కడితే ఏంటి, బోర్డు మీద పేరు ఆసామిదే కదమ్మా."

"ఎవరండీ ఆవిడ?" అంది సాయిప్రసన్న మెల్లిగా.

"మా అమ్మ."

"కృపా!" కౌంటరు దగ్గర్నుంచి జయపాల్ పిలిచాడు. స్వైపింగ్ మిషన్ పనిచెయ్యకపోతే నాగేశ్వరప్రసాద్ గారు డబ్బు కట్టడానికి అతని ఫోనుకి లింకు పంపాడు. అతను ఆమె కార్డు నంబరు కొట్టేశాడు. "ఓటీపీ వచ్చుంటుంది. చెప్పు."

ఆమె ఫోన్ చేతిలో పట్టుకునే అడిగింది. "ఏం కొంటున్నారండీ?"

"మ్యాక్‌బుక్. నిన్ననుకున్నదే. తొందరగా చెప్పు, టైం అయిపోతుంది."

"ఒక్కసారి ఇటొచ్చి ఇది చూడండి."

"ముందు ఓటీపీ చెప్పవే."

ఆమె మెసేజ్ చూసింది. నంబరు ఉంది. దాని కింద రోజూ చూసే వాక్యమే, ఏనాడూ చదవని వాక్యం ఉంది.

"ఎవరికీ చెప్పొద్దని ఉందండి" అంది.

నాగేశ్వరప్రసాద్ గారు హాస్యమనుకుని నవ్వాడు. ప్రేమ్ కుమార్ కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. జయపాల్ మొహంలో నవ్వు సగంలో చచ్చిపోయింది.

"ఎవరికీ అంటే బయటివాళ్ళకి. నాక్కాదు."

"ఎవరికీ అనే ఉందండి."

"ఏంటిది, నలుగురిలో?" అతని గొంతు తగ్గింది. గొంతు తగ్గించి మాట్లాడితే ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఆమెకి తెలుసు. రోజుల తరబడి మాట్లాడకపోవడం, పళ్ళెం విసురుగా పెట్టడం, అత్తగారి నిట్టూర్పులు. అయినా నోరు ఆగలేదు.

"అప్పు నా పేరున తెచ్చారు. సుబ్బాయమ్మగారు మీటింగులో అడిగితే లేచి నిలబడేది నేను. దాని ముందు కూర్చునేది నేను. వంగిపోయే మెడ నాది, మండే కళ్ళు నావి. ఏది కొనాలో మాత్రం మీరూ అన్నయ్యా బజ్జీలు తింటూ తేల్చేశారు. నన్నొక్క మాట అడిగారా? పోనీ నేను చెప్తే విన్నారా? పార్టీ వాళ్ళ టేబుల్ మీద పెట్టి చూపించడానికి కావాలంటే మీ సంపాదనతో కొనుక్కోండి, నేనొద్దనను. ఇది మాత్రం పనిచేసేవాళ్ళకి పనికొచ్చేదే కొనాలి."

"చెల్లెమ్మా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం..." అన్నాడు ప్రేమ్ కుమార్.

"ఇంట్లో మాట్లాడాను అన్నయ్యా. మీరు పచ్చడి అడిగారు."

జయపాల్ కుర్చీ వెనక్కి తోసి బయటికి వెళ్ళిపోయాడు. ప్రేమ్ కుమార్ అతని వెనకే వెళ్ళాడు. కాసేపు బయట కారు హారన్ మోగింది, తర్వాత కారు కదిలిన చప్పుడైంది. కార్డు కౌంటరు మీదే ఉండిపోయింది.

కృపారాణి పెద్ద తెర వైపు చూపించి, "అదివ్వండి. యూపీఎస్ కూడా" అంది.

నాగేశ్వరప్రసాద్ గారు ఇబ్బందిగా చేతులు నలుపుకున్నాడు. "సార్‌కి ఒకసారి ఫోన్ చేసి కనుక్కుని..."

"కార్డు మీద పేరు చదవండి."

ఆయన కార్డు తీసుకుని చదివాడు. చదివి ఆమె మొహం చూశాడు. ఈసారి లింకు ఆమె ఫోనుకే పంపాడు.

ఆటోలో తెర పెట్టె ఒళ్ళో పెట్టుకుని వంతెన మీద వెళుతుంటే గోదావరి గాలి చెంగుని లాగేస్తోంది. గెలిచినట్టేమీ లేదు. దారి పొడుగునా తప్పు చేశానా అని తనని తనే ప్రశ్నించుకుంటూనే ఉంది. కానీ తప్పు ఏమిటో ఎంత వెతికినా దొరకలేదు.

గుమ్మంలోనే సంపూర్ణమ్మ అందుకుంది. "మొగుణ్ణి బజార్లో నిలబెట్టి వచ్చావంటగా. పావని ఫోన్ చేసి ఏడ్చింది. నా ఇంట్లో ఇలాంటివి ఎప్పుడైనా జరిగాయా?"

"జరగలేదండి అత్తయ్యా" అని లోపలికి నడిచింది కృపారాణి. పెట్టెలు తనే విప్పింది, వైర్లు తనే కలిపింది.

జయపాల్ ఆ వారమంతా ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. మాట్లాడకపోయినా అందవలసినవన్నీ అతనికి అందుతూనే ఉన్నాయని ఆమె గమనించింది. ఇంతకుముందైతే ఆ మౌనానికి భయపడి ఏదో ఒకటి ఒప్పేసుకునేది. ఇప్పుడు దాంట్లో కూర్చుని హాయిగా పనిచేసుకుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అతను వసారాలోకొచ్చి మెమరీ కార్డు ఆమె ముందు పెట్టాడు. "నిడదవోలు పెళ్ళిది. ఎల్లుండికి ఇచ్చేస్తానని మాటిచ్చాను" అన్నాడు, గోడకి చెబుతున్నట్టు.

ఆమె కార్డు తీసుకోలేదు. కుర్చీ అతని వైపు తిప్పింది.

"మాటిచ్చింది మీరు కదండీ. వాళ్ళ నంబరు చెప్పండి. ఎప్పటికవుతుందో, ఎడిటింగ్‌కి ఎంతవుతుందో ఇకనుంచి నేనే మాట్లాడతాను."